డిమెన్షియా ఉన్న మామగారిని ప్రత్యేక సంరక్షణ కేంద్రంలో చేర్పించవచ్చునా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

చంద్రగిరి_కోడలు
మా మామగారికి 78 సంవత్సరాలు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా పదవీ విరమణ చేశారు. నాలుగేళ్ల కిందట తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో పరీక్షించి అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) అని తేల్చారు. ఇప్పుడు అర్ధరాత్రి దాటాక లేచి, డ్యూటీకి ఆలస్యమైందంటూ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడుతున్నారు. తాళం తీయకపోతే కేకలు వేస్తున్నారు. ఈమధ్య మా కన్నుగప్పి శ్రీనివాసమంగాపురం దారి పట్టి వెళ్లిపోతే, పాలు పోసే అబ్బాయి గుర్తుపట్టి తీసుకొచ్చాడు. మా వారిది శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం. నేను బడిలో టీచరు ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటున్నాను. నర్సింగ్ బ్యూరో పంపిన ఆయాలు పగలు పని చేస్తున్నారు గానీ రాత్రికి ఎవరూ నిలవడం లేదు. చెన్నైలో ఉన్న మా ఆడపడుచు, బెంగళూరులో ఇలాంటివారి కోసమే నడిపే కేంద్రం ఒకటి ఉందని, అక్కడ చేర్పిద్దామని అంటున్నారు. అమెరికాలో ఉన్న మా బావగారు మాత్రం, కొడుకులు ఇద్దరు ఉండగా తండ్రిని ఆశ్రమంలో పడేశారన్న మాట పడలేనంటున్నారు. నాకు మామగారంటే ప్రేమే. కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను బి.ఇడి. చదివించింది ఆయనే. అయితే నిద్ర లేని రాత్రుల వల్ల పగలు ఆయనతో ఓర్పుగా మాట్లాడలేకపోతున్నాను. ఏమి చేయాలో చెప్పండి.

పాకాల_జంక్షన్
మా అమ్మను చివరి రోజు వరకు ఇంట్లోనే చూసుకున్నాము. మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేవాళ్లము. తెలిసిన గోడలు, తెలిసిన గొంతులు ఉంటేనే ఈ జబ్బు ఉన్నవారు కుదురుగా ఉంటారు. కొత్త చోటికి తీసుకువెళితే ఉన్న కాస్త జ్ఞాపకం కూడా చెదిరిపోతుంది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: వద్దు.

కుప్పం_రైలుబండి
పాకాల గారూ, మీ ఇంట్లో చాప వేసుకోవడానికి ఎంతమంది ఉన్నారో చెప్పండి. వంతులవారీగా మేలుకునే అన్నదమ్ములు, వదినలు ఉన్న ఇంటికీ, ఒకే ఒక్క కోడలు ఉన్న ఇంటికీ ఒకే సలహా ఇవ్వకూడదు.

పాకాల_జంక్షన్
మేము నలుగురము ఉండేవాళ్లము. మీరు అన్నది కాదనను. అయినా కొత్త చోటు విషయంలో నేను చెప్పినది నిజమే.

వేలూరు_నర్సు
చంద్రగిరి గారూ, కేంద్రం సంగతి మాట్లాడే ముందు ఒక ప్రశ్న. ఈ రాత్రి లేవడం క్రమంగా పెరిగిందా, లేక కొద్ది రోజులలోనే హఠాత్తుగా ఎక్కువైందా? అల్జీమర్స్ నెమ్మదిగా ముదిరే జబ్బు. రెండు మూడు రోజులలో మనిషి ఒక్కసారిగా మారిపోతే దాని వెనుక మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, ఎక్కడో నొప్పి, లేదా కొత్తగా మొదలుపెట్టిన మందు ఉండవచ్చు. కింద పడి తలకు దెబ్బ తగిలితే మెదడు పైపొర కింద రక్తం నెమ్మదిగా చేరి, వారాల తరువాత కూడా ఇలా కనిపించవచ్చు. వీటికి చికిత్స ఉంది. ఇవి చూడకుండా చేర్పించే నిర్ణయం తీసుకోవద్దు.

చంద్రగిరి_కోడలు
అక్కా, రాత్రి లేవడం ఏడాదిగా ఉంది. కానీ కేకలు మాత్రం గత నెలలోనే మొదలయ్యాయి. పడలేదు. జలుబు చేస్తే మందుల షాపులో అడిగి తెచ్చిన సిరప్ రాత్రిపూట ఇస్తున్నాము. అది తాగితే నిద్ర పడుతుందని అనుకున్నాము. బి12, థైరాయిడ్, స్కాన్ మొదట్లోనే చేశారు.

వేలూరు_నర్సు
ఆ సీసా మీద క్లోర్‌ఫెనిరమిన్ లేదా డైఫెన్‌హైడ్రమిన్ అని ఉందేమో చూడండి. జలుబుకు, దురదకు ఇచ్చే ఈ పాత రకం మందులు మెదడులో జ్ఞాపకానికి తోడ్పడే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటాయి. మీ మామగారికి జ్ఞాపకశక్తి కోసం డోనెపెజిల్ ఇస్తుంటే, అది చేసేది అదే ఎసిటైల్‌కోలిన్‌ను నిలబెట్టడం. అంటే ఉదయం ఇచ్చిన మాత్రకు రాత్రి ఇచ్చిన సిరప్ ఎదురు పనిచేస్తుంది. సీసా పట్టుకుని డాక్టరుగారిని కలవండి. అప్పుడే మూత్ర పరీక్ష కూడా చేయించండి.

పుంగనూరు_ఆవు
గేటు గురించి ఒక మాట. మా పెద్దనాన్నకు తాళం కనబడితేనే కోపం వచ్చేది. గేటుకు గోడ రంగే వేయించి, గొళ్లెం కంటికి ఆనకుండా కిందికి మార్చాక ఆయన గేటు వైపు వెళ్లడం తగ్గింది. గుమ్మం ముందు ముదురు రంగు కాలిపట్టా ఉంటే గుంత అనుకుని ఆగిపోయేవారు. కాబట్టి స్నానాలగది ముందు మాత్రం అలాంటివి తీసేయండి. అద్దంలో తమను తాము చూసి ఎవరో పరాయివారు వచ్చారని భయపడేవారూ ఉంటారు. వారికి అద్దం మీద గుడ్డ కప్పితే చాలు.

వేలూరు_నర్సు
ఇవన్నీ మంచి ఏర్పాట్లే. అయితే తాళం ఉన్న గదిలో మనిషిని ఒంటరిగా వదలకూడదు. నిప్పు అంటుకుంటే ఆయన బయటపడలేరు.

కుప్పం_రైలుబండి
మా నాన్నను బెంగళూరులోని ఒక కేంద్రంలో చేర్చాము. ఏమి బాగుందో, ఏమి బాగాలేదో రెండూ చెబుతాను. బాగున్నది రాత్రి. అక్కడ రాత్రి మేలుకునేవారికి అదే ఉద్యోగం. పగలు వారు నిద్రపోయి వస్తారు కాబట్టి మా నాన్న అర్ధరాత్రి లేచి తిరిగినా విసుక్కోకుండా వెంట నడిచేవారు. వరండా గుండ్రంగా తిరిగి మళ్లీ మొదటికే వచ్చేలా కట్టారు. ఎంత నడిచినా మూసిన తలుపు ఎదురుకాదు. ఇంట్లో మేము ఆపుతుంటే పెరిగిన కోపం, అక్కడ ఆపేవారు లేకపోవడంతో చల్లారింది. మాది కుప్పం కనుక నాన్నకు కన్నడం, తమిళం రెండూ వచ్చు. కన్నడం మాట్లాడే ఆయాలతో కలిసిపోయారు.

బాగాలేనిది భోజనం. నాన్నకు రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి ఉంటేనే ముద్ద దిగేది. అక్కడ చపాతీ, పప్పు పెట్టేవారు. బరువు తగ్గిపోయారు. మేము పట్టుబట్టి మాట్లాడాక వంటగదిలో రాగి ముద్ద మొదలుపెట్టారు. అది ఇతరులు కూడా ఇష్టంగా తిన్నారు. అడగకపోతే ఎవరూ మార్చరు. ఇక ఖర్చు సంగతి: నాన్నగారి పింఛను చాలలేదు, అన్నదమ్ములము పంచుకున్నాము. డైపర్లు, మందులు, ఆసుపత్రికి తీసుకువెళ్లే తోడు మనిషి ఖర్చు వేరుగా వేశారు. చేర్చే ముందే ఇవి కాగితం మీద రాయించుకోవాలి.

నగరి_మగ్గం
కుప్పం గారు భాష గురించి చెప్పినది చాలా పెద్ద విషయం, దాని మీద ఆగాలి. ఈ జబ్బులో తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం తరచుగా చూస్తాము. మన జిల్లాలో ఇది ఇంకా గట్టిగా కనబడుతుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో రెండూ మాట్లాడుతూ పెరిగినవారమే ఎక్కువ. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ వైపు పుట్టిన మా అవ్వ చివరి రెండేళ్లు తమిళం తప్ప మాట్లాడలేదు. తెలుగులో అడిగితే పలకదు, తమిళంలో అడిగితే ఆకలి, నొప్పి అన్నీ చెప్పేది. హైదరాబాదులో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం గుర్తించింది. రెండు భాషలు అలా కాపాడవచ్చు. కానీ జబ్బు ముదిరాక మిగిలే భాష ఏదో, ఆ భాష వచ్చినవారు రాత్రి డ్యూటీలో ఉన్నారో లేదో చూసుకోవలసినది మనమే. మీ మామగారి చిన్నతనం ఎక్కడ గడిచింది?

చంద్రగిరి_కోడలు
మీరు అడిగాక వెలిగింది. మామగారు పుట్టింది తిరుత్తణి దగ్గర పల్లెలోనే, పదవ తరగతి వరకు తమిళ మాధ్యమం. రాత్రి కేకలు వేసేటప్పుడు తమిళమే మాట్లాడుతున్నారు. నాకు సగమే అర్థమవుతోంది. మా బాబుకు ఏడేళ్లు, వాడికి తాత మాట తెలియకపోయినా సమస్య లేదు. తాత టికెట్ అడిగితే రోజూ తిరుత్తణికి ఒక ఫుల్ టికెట్ తీసుకుని పక్కన కూర్చుంటాడు.

నగరి_మగ్గం
హాఫ్ టికెట్ వయసువాడికి ఫుల్ టికెట్ కొడుతున్నారంటే ఆర్టీసీకి ఆదాయం బాగా వస్తోంది! నిజంగా చెబుతున్నాను, మీ ఇంట్లో ఆయనకు సరైన సంరక్షకుడు వాడే.

దూరపు_కొడుకు
నేనూ విదేశంలోనే ఉంటాను, మా నాన్న చిత్తూరులో మా చెల్లెలి దగ్గర ఉన్నారు. మీ బావగారి మాట విని చాలామందికి కోపం వచ్చి ఉంటుంది, కానీ ఆయన భయం ఎలాంటిదో నాకు తెలుసు. సంవత్సరానికి ఒకసారి వచ్చే మనిషికి తండ్రి ఇంట్లో తన మంచం మీద ఉన్నారన్న ఆలోచన ఒక్కటే ధైర్యం. ఇంకొకటి, టీవీలో ఆశ్రమాల గురించి చూపేవన్నీ కట్టివేసిన చేతులూ, మురికి దుప్పట్లే. ఆయన అభ్యంతరాన్ని కొట్టిపారేయకండి.

బైరాగిపట్టెడ_వకీలు
అభ్యంతరం చెప్పవచ్చు. అయితే అభ్యంతరం చెప్పేవారు రాత్రి మేలుకునే బాధ్యతలో తమ వాటా ఏమిటో కూడా చెప్పాలి. డబ్బు పంపడం వాటానే, సెలవు పెట్టి రావడం వాటానే. ఏదీ లేకుండా వీటో మాత్రం ఉండకూడదు.

పరువు సంగతికి వస్తే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 24వ సెక్షను ప్రకారం వృద్ధులను వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టడం నేరం. మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఖర్చు భరిస్తూ, చూడటానికి వెళుతూ, వైద్యం చేయిస్తూ సంరక్షణ కేంద్రంలో ఉంచడం విడిచిపెట్టడం కాదు. బంధువులు ఈ రెండింటినీ ఒకటిగా మాట్లాడితే వారికి ఇది వివరించండి.

ఇప్పుడు అత్యవసరమైనది వేరే ఉంది. ఆయన పింఛను ఖాతా ఎవరి పేరున ఉంది? పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షను ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా ముగిసిపోతుంది. అవసరం పడే సమయానికే అది చెల్లకుండా పోతుందన్నమాట. అందువల్ల జబ్బు తొలి దశలోనే, మనిషికి తెలివి స్పష్టంగా ఉండగా, ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే ఉమ్మడి ఖాతాగా మార్చుకోవడం, వీలునామా రాయడం చేయాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, మానసిక వైద్య నిర్ణయాలలో తన తరఫున నిలబడే ప్రతినిధిని కూడా అప్పుడే నియమించుకోవచ్చు. దశ దాటిపోతే కోర్టు ద్వారా సంరక్షకుడిని నియమించుకోవడం తప్ప దారి ఉండదు, అది సమయం తీసుకుంటుంది.

చంద్రగిరి_కోడలు
ఖాతా అత్తగారితో ఉమ్మడిగా ఉండేది. ఆమె పోయాక మా వారి పేరు చేర్పించాము, అప్పటికి మామగారు బాగానే ఉన్నారు. పింఛను ఆగకుండా ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ మాత్రం ప్రతి నవంబరులో పెద్ద పని అవుతోంది.

బైరాగిపట్టెడ_వకీలు
ఖాతా విషయంలో మీరు అదృష్టవంతులు. లైఫ్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు బ్యాంకు వరకు వెళ్లనవసరం లేదు. దీని కోసం ప్రభుత్వం పెట్టిన జీవన్ ప్రమాణ్‌లో ఫోను కెమెరాతో ముఖం గుర్తించే పద్ధతి ఉంది, ఇంట్లోనే పూర్తి చేయవచ్చు. ఆయన ప్రశాంతంగా ఉండే ఉదయం వేళ చేయండి.

మదనపల్లె_మాస్టారు
ఇంతవరకు అందరూ చూసుకునేవారి వైపు నుంచి రాశారు. నేను రెండవ వైపు మనిషిని. గత సంవత్సరం నాకు తొలి దశ డిమెన్షియా అని చెప్పారు. 71 ఏళ్లు. ఇది రాయడానికి నాకు చాలా సమయం పట్టింది, మా అమ్మాయి ఒకసారి చదివి పెట్టింది, కానీ మాటలు నావే.

మా ఊరి పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయకు మందులు లేని రోజులలో ఆ శానటోరియం కట్టారు. నా చిన్నతనంలో కూడా, తమవారిని అక్కడ చేర్చామని ఊళ్లో చెప్పుకోవడానికి జనం సిగ్గుపడేవారు, చుట్టాల ఊరికి పంపామని చెప్పేవారు. అక్కడ ఉన్నవారికి మాత్రం వేళకు తిండి, గాలి, తమ జబ్బు తెలిసిన మనుషులు దొరికారు. కేంద్రం అనగానే సిగ్గుపడేవారిని చూస్తే నాకు ఆ రోజులు గుర్తుకు వస్తాయి.

నాకు ఏమి కావాలో మా పిల్లలకు ఇప్పుడే రాసి ఇచ్చాను. నేను మా ఇంట్లో ఉండాలని కోరుకుంటాను. అయితే నా వల్ల నా కూతురు నిద్రకు, ఉద్యోగానికి దూరమయ్యే దశ వస్తే నన్ను చేర్పించమన్నాను. ఎవరో తెలియని మనిషిగా నా కూతురి ఇంట్లో ఉండటం కన్నా, నన్ను చూడటానికి సంతోషంగా వచ్చే కూతురు ఉండటం నాకు ఇష్టం. ఒక్క షరతు పెట్టాను. నేను చనిపోయిన నా భార్యను అడిగితే, ఆమె చనిపోయిందని ప్రతిసారీ చెప్పవద్దు.

పాకాల_జంక్షన్
మాస్టారూ, మీ మాట చదివాక నా మొదటి జవాబు అందరికీ వర్తించేది కాదని ఒప్పుకుంటున్నాను. అయితే మీ చివరి షరతు నాకు కష్టంగా ఉంది. కన్నవారితో అబద్ధం చెప్పడం ఎలా?

వేలూరు_నర్సు
అబద్ధం చెప్పనవసరం లేదు. మీ అమ్మ ఎక్కడ అని తండ్రి అడిగినప్పుడు, చనిపోయింది కదా అంటే ఆయనకు అది ఆ క్షణంలో తెలిసిన వార్త. ఆ దుఃఖం మొదటిసారి అయినట్లే ఉంటుంది, కారణం మరిచిపోయినా గుండె బరువు గంటల తరబడి మిగులుతుంది. పక్క గదిలో ఉంది అంటే వెతకడం మొదలుపెడతారు. ఆమె మీకు ఏమి వండిపెట్టేవారు, పెళ్లి ఎక్కడ జరిగింది అని అడిగి చూడండి. ఆమెను తలచుకోవడమే ఆయనకు కావలసినది. చంద్రగిరి గారి బాబు టికెట్ తీసుకోవడం కూడా ఇదే పని, ఎవరూ నేర్పకుండా చేస్తున్నాడు.

ఇక కేంద్రాన్ని ఎలా చూడాలో చెబుతాను. నేను ఐర్లండ్‌లో ఇలాంటి చోట పనిచేసి వచ్చాను. మీరు వెళితే పగలు పది గంటలకు రమ్మంటారు. పూలకుండీలు, పియానో, పాటల గది చూపిస్తారు. సాయంత్రం ఆరు తరువాత వెళ్లండి. పొద్దు వాలాకే వీరిలో కలత పెరుగుతుంది, ఆ వేళ సిబ్బంది ఎలా మాట్లాడుతున్నారో చూస్తే చోటు తెలిసిపోతుంది. రాత్రి ఎంతమందికి ఎంతమంది ఉంటారని అడగండి. కుర్చీలకు కట్టివేసే పట్టీలు కనిపిస్తే వెనక్కి తిరగండి. అందరూ సోఫాలలో మధ్యాహ్నమే తలలు వాల్చి ఉంటే, ఏ మందులు ఇస్తున్నారని అడగండి. మానసిక వ్యాధులకు వాడే క్వెటియాపిన్, రిస్పెరిడోన్ వంటి మాత్రలు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణం ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే ఆ తరగతి మందులకు తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. అవసరం ఏర్పడితే తక్కువ మోతాదులో, కొద్దికాలం, డాక్టరు మళ్లీ మళ్లీ చూస్తూ ఇస్తారు. సిబ్బంది తక్కువ కాబట్టి మాత్రతో కూర్చోబెట్టడం వైద్యం కాదు.

చివరి దశ గురించి కూడా ముందే అడగాలి. మింగడం కష్టమైనప్పుడు ముక్కులో గొట్టం వేస్తారా, ఓపికగా చేత్తో తినిపిస్తారా? ముదిరిన డిమెన్షియాలో గొట్టం వల్ల ఆయుష్షు పెరగదని, న్యుమోనియా ఆగదని వైద్యులకు తెలిసినదే. చేత్తో తినిపించడానికి ఒక్కొక్కరికి ముప్పావు గంట పడుతుంది. అందుకే సిబ్బంది సంఖ్య గురించి ఇంతగా చెబుతున్నాను.

పుంగనూరు_ఆవు
నెదర్లాండ్స్‌లోని వేస్ప్‌లో 2009లో హోగెవేక్ అని డిమెన్షియా ఉన్నవారి కోసం ఒక చిన్న ఊరే కట్టారు. వీధులు, దుకాణం, కేఫ్ అన్నీ ప్రహరీ లోపలే. వారు స్వేచ్ఛగా తిరుగుతారు, దుకాణంలో పనిచేసేవారికీ ఈ జబ్బు గురించి తెలుసు. మనకు అంత డబ్బు లేకపోవచ్చు. కానీ తిరుపతి చుట్టుపక్కల రచ్చబండ, తులసికోట, టీ అంగడి ఉన్న నాలుగు ఇళ్ల ఆవరణ ఒకటి కట్టలేమా?

దూరపు_కొడుకు
ఎవరైనా మొదలుపెడితే మొదటి చందా నాది. 2023లో వెలువడిన దేశవ్యాప్త అంచనా ప్రకారం 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. మన తిరుపతి, చిత్తూరు జిల్లాలలోనే ఎన్ని ఇళ్లు ఉంటాయో ఆలోచించండి. అందరినీ బెంగళూరు, చెన్నై పంపలేము.

కుప్పం_రైలుబండి
అంతవరకు రాత్రికి సాయం కావలసినవారు 14567కు ఫోన్ చేసి చూడండి. అది వృద్ధుల కోసం నడిచే జాతీయ ఉచిత సహాయ సంఖ్య. దగ్గరలో ఏ సేవలు ఉన్నాయో చెబుతారు.

చంద్రగిరి_కోడలు
అందరి మాటలూ మా వారికి, ఆడపడుచుకు, బావగారికి చదివి వినిపించాను. మాస్టారు గారు రాసినది బావగారే రెండవసారి చదవమన్నారు. సిరప్ నర్సు అక్క చెప్పినదే. మానేశాక కేకలు తగ్గాయి, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు. లేవడం మాత్రం అలాగే ఉంది. బెంగళూరు ఆలోచన మానుకున్నాము. తమిళం మాట్లాడే సిబ్బంది ఉన్న చోటు చెన్నైలో, ఆడపడుచు ఇంటికి దగ్గరలో ఒకటి ఉంది. ఆమె సాయంత్రం వేళ వెళ్లి చూసి వచ్చారు, పట్టీలు కనబడలేదు. ముందుగా ఒక నెల మాత్రమే ఉంచి చూస్తాము. బావగారు ఆ నెల సెలవు పెట్టి వచ్చి చెన్నైలో ఉంటారు, ఖర్చులో సగం ఆయనదే. ఒక్క సందేహం మిగిలింది. చేర్చిన మొదటి వారం కుటుంబం రాకూడదని, అప్పుడే అలవాటు పడతారని కేంద్రంవారు అంటున్నారు. ఇది సరైనదేనా?

వేలూరు_నర్సు
నేను ఒప్పుకోను. ఆయనకు ఎక్కడ ఉన్నారో తెలియని రోజులలోనే తెలిసిన ముఖం అవసరం. మీ బావగారిని భోజనం వేళకు వెళ్లి పక్కన కూర్చోనివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఎప్పుడు వచ్చినా లోపలికి రానిచ్చే చోటే నమ్మదగినది. కాదంటే ఇంకొక చోటు చూడండి.

కుప్పం_రైలుబండి
వెళ్లడం సరే, బయలుదేరే వేళ జాగ్రత్త. మేము చెప్పి వెళ్లినప్పుడల్లా నాన్న వెంట వచ్చేస్తానని ఏడ్చేవారు. భోజనం అయ్యాక ఆయా వచ్చి నడకకు తీసుకువెళ్లే సమయంలో లేచి వస్తే ఇబ్బంది ఉండేది కాదు. ఆ వేళ ఏదో ఆయాతో ముందే మాట్లాడుకోమని బావగారికి చెప్పండి.

బైరాగిపట్టెడ_వకీలు
ఒప్పందం మీద సంతకం చేసే ముందు, నెల మధ్యలో తీసుకువచ్చేస్తే ఎంత తిరిగి ఇస్తారో, ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తారో ఆ రెండు పేరాలు చూసుకోండి. బావగారికి అమెరికా నంబరు కాకుండా ఇక్కడి నంబరు ఒకటి తీసి అందులో రాయించండి.